కాగు మూత మీది రాయి

అల్వాల్‌లో మా బిడ్డ ఇంట్లో గీజరు పాడైంది. బాగుచేయడానికి వచ్చినతను లోపల నీళ్ళు కాచే చుట్టను బయటికి లాగి నేల మీద ఒక దెబ్బ కొట్టాడు. తెల్లటి పెంకులు రాలాయి. "బోరు నీళ్ళు గదా పెద్దమ్మా, గిట్లనే పెచ్చు పడ్తది," అని చీపురు అడిగాడు. నేను చీపురు ఇవ్వలేదు. ఒక పెంకు తీసుకుని దాని అంచు చూశాను. తెలుపు, దాని కింద సన్నటి ఎర్ర గీత, ఆ కింద బూడిద రంగు, మళ్ళీ తెలుపు.

"ఏం చూస్తున్నవమ్మా, చెత్త అది," అంది నా బిడ్డ.

"చెత్త కాదు. ఊడ్వకు."

పెంకును అంచు వైపు నుంచి చూడాలని నాకు నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పోయిన రోజు బన్సీలాల్‌పేటలో మా గల్లీవాళ్ళు "రాళ్ళ పిచ్చిది పోయిందట" అనుకున్నారు. దుకాణాలు యథాప్రకారం తెరిచారు. ఆమె గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేను రాద్దామంటే నాకప్పుడు అక్షరాలు రావు. జుట్టు నెరిశాక, మనవరాలి పలక పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు వచ్చు గనక రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆమె పేరును చెడ్డ చేసిన కాగితాలు ఇదివరకే ఉన్నాయి. పేరు లేకుండా నిలబడగలదో లేదో చూద్దాం. నిలబడుతుందనే నా నమ్మకం.

ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగా ఉండేది. ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెప్పేది. అంతకుముందు, పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నిజాం సర్కారువాళ్ళు రాళ్ళు పరీక్ష చేసే చోట పనిచేసిందట. మగవాళ్ళు దొరక్క తీసుకున్నారు, యుద్ధం అయిపోగానే ఇక రావద్దన్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా అత్తమ్మ అడిగితే, "అడిగినోళ్ళెవరికీ రాళ్ళు తెల్వవు," అంది. ముఖం మీద ఆమెను అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. వెనక ఏమనేవాళ్ళో ఇందాకే చెప్పాను.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. వంగి ఒక రాయి తీసి, నాలుకకు ఆనించి, పంటి మీద టక్కున కొట్టి, కొన్నిసార్లు వాసన చూసి, సంచిలో వేసుకునేది. లేకపోతే విసిరేసేది. పిల్లలు గచ్చకాయలాడే రాళ్ళను కూడా లాక్కుని, "ఇది వేడిల పుట్టిందా, సల్లగ పుట్టిందా?" అని అడిగేది. పిల్లలు మొదట పారిపోయేవాళ్ళు. తర్వాత తర్వాత జవాబులు కల్పించి చెప్పడం మొదలుపెట్టారు. కల్పించి చెబితే ఆమెకు కోపం వచ్చేది. "తెల్వది అని చెప్పు. తెల్వది అనుడు సుత చదువే."

చాయ్ సాసరులో పోసుకుని తాగేది. కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద రాయిని గీసేది. రాయి రంగు ఒకటైతే గీత రంగు ఇంకొకటి పడుతుంది. బంగారంలా మెరిసే రాయి నల్లగా గీస్తుంది, నల్లటి రాయి ఎర్రగా గీస్తుంది. "పై రంగు పెండ్లి బట్టలసొంటిది. గీత అసలు రంగు," అనేది. ఆమె ఇంట్లో అడుగు తెల్లగా ఉన్న కప్పు ఒక్కటీ ఉండేది కాదు. మా అత్తమ్మ ఆ వాకిట్లో నిలబడి మాట్లాడినా చాయ్ ముట్టేది కాదు. "రాళ్ళు గీకిన కప్పుల నేను తాగ," అనేది. టీచరమ్మ మొహం మాడ్చుకునేది కాదు. గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చేది.

వాళ్ళిద్దరికీ అసలు తగవు వేరే ఉంది. మాది కళ్ళకు పెట్టే సుర్మా చేసే ఇల్లు. మా ఆయన రైల్వేస్టేషను దగ్గర చిన్న చిన్న సీసాలు పళ్ళెంలో పెట్టుకుని అమ్మేవాడు. రాయిని శుద్ధి చేసేది మా అత్తమ్మ. ఉత్తరాది నుంచి వచ్చే వ్యాపారి దగ్గర మెరిసే నల్లరాయి సంచితో కొని, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కరక్కాయ కషాయంలో ముంచి, మళ్ళీ కాల్చి మళ్ళీ ముంచి, చివర పన్నీటితో కడిగి, అప్పుడు రోటికి ఎక్కించేది. నేను కొత్త కోడల్ని. నూరడం నా వంతు.

"అక్కా, అది సీసం," అనేది టీచరమ్మ వాకిట్లో నిలబడి. "పసిపిల్లల కండ్లల్ల పెడుతున్రు. విషమది."

"మా తాతల కాలం సంది పెడుతున్నం. ఎవరి కన్ను పోయిందో చూపించు చెల్లె."

"కన్ను పోదు. లోపల ఇంకేదో పోతది, నెమ్మదిగ."

"నీ కండ్లకు అద్దాలొచ్చినయి గదా టీచరమ్మా. మా సుర్మా పెట్టుకోకపోతె గట్లనే అయితది."

మామూలు రోజుల్లో చెల్లె, కోపం వస్తే టీచరమ్మా. ఆ పిలుపును బట్టి గల్లీకంతటికీ తెలిసిపోయేది, ఆ రోజు ఎవరు గెలిచారో.

ఆమె వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఒక రాగి కాగు ఉండేది, స్నానాల నీళ్ళకు. కాకులు మూత తోసేస్తాయని మూత మీద ఒక బరువైన రాయి పెట్టేది. పిడికిలికి కొంచెం పెద్దది, నల్లనిది, ఒక పక్క తెల్ల రంగుతో ఏదో గుర్తు వేసి ఉండేది. అదేమిటో నేనెప్పుడూ అడగలేదు. బరువు కోసం పెట్టిందనుకున్నాను.

ఒకరోజు నన్ను పిలిచి కాగు గోకడానికి సాయం పట్టమంది. మా బావినీళ్ళకు కాగు లోపల పెచ్చు కట్టేది. ఉలితో కొడితే అరచేతి అంత పెంకు ఊడి వచ్చింది. దాన్ని నిలువునా విరిచి నా కళ్ళ ముందు పట్టింది.

"చూడు పిల్లా. ఇగో ఈ ఎర్ర గీత వానకాలం. బావిల మన్ను కలిసింది. ఈ తెల్లది ఎండకాలం. నీళ్ళు తగ్గి చిక్కగైనయి. బావి అదే, కాగు అదే. నీళ్ళు మారినకొద్ది పొర మారింది. ఆ నీళ్ళు ఇప్పుడు ఉన్నయా?"

"ఎక్కడియమ్మా. ఎప్పుడో పోసుకున్నం గదా."

"నీళ్ళు పోయినయి. రాయి ఉంది. రాయిని అడుగు."

భూమి లోపల కూడా ఇదే జరుగుతుందని చెప్పింది. లోతున మరిగే నీళ్ళు ఉంటాయి, వాటిలో సీసం, రాగి, వెండి, బంగారం అన్నీ కరిగి ఉంటాయి. కొండ పగుళ్ళలోంచి పైకి వస్తూ చల్లారినచోట ఆ లోహాలన్నీ గోడలకు పెచ్చు కడతాయి. మనం గని అని తవ్వేది ఆ పెచ్చునే. "కొండ అంటే దేవుడు గోకకుండ ఇడిసిపెట్టిన కాగు," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నాకు చదువు రాదన్నాను. "దీనికి అక్షరాలు అక్కర లేదు. కండ్లు చాలు. సుర్మా పెట్టకుంటె ఇంక మంచిది," అంది.

ఆ తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. ఆ రోజుల సంగతి పెద్దవాళ్ళు చాలామంది రాశారు, నేను మా గల్లీ సంగతే రాస్తాను. రజాకార్లు ఎవరు, ఎవరు కారు అనే వెతుకులాట మొదలైంది. పాతపగలన్నీ కొత్త పేరు పెట్టుకుని బయటికి వచ్చాయి. ఆ గందరగోళంలో సర్కారు గోదాం ఒకటి లూటీ అయింది. దక్షిణం వైపు, తవ్వకం ఆపేసిన ఒక కొండ నుంచి తెచ్చిన సీసపు రాయి అందులో సంచులకొద్దీ ఉండేదట. నాటుతుపాకులకు గుండ్లు పోయడానికి రజాకార్లే ఎత్తుకుపోయారన్నారు. ఎవరో మా ఇంట్లో సీసపు రాయి సంచి ఉందని చెప్పారు. ఉన్నమాట నిజమే. పోలీసులు వచ్చి సంచినీ, మా ఆయననూ తీసుకుపోయారు.

అది సుర్మా రాయి అని మా అత్తమ్మ ఎంత మొత్తుకున్నా, సుర్మా రాయి సీసపు రాయి ఒకటే కదా అన్నారు. అదీ నిజమే. ఉత్తరాది వ్యాపారి ఆ గొడవల్లో మళ్ళీ ఈ వైపు రాలేదు. మా మాటకు సాక్ష్యం చెప్పే మనిషి లేడు. ఆ సంచి గోదాందే అని తేలితే ఆయన మళ్ళీ ఇల్లు చూడడని గల్లీలో అందరూ చెప్పారు. కొందరు జాలిగా చెప్పారు, కొందరు వేరేగా చెప్పారు.

మా అత్తమ్మ జీవితంలో మొదటిసారి ఆ వాకిలి దాటి లోపలికి వెళ్ళి కూర్చుంది.

"చెల్లె, నువ్వు సర్కారోళ్ళ రాళ్ళు చూసినదానివి. మా రాళ్ళు అవి కావని ఒక్క మాట రాసియ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళు ముట్టకు. అవి కావని నాకెట్ల తెలుసు? రాయి తెచ్చియ్యి, చూసి చెప్త."

"చూసుడెందుకు? మేము అబద్ధాలు చెప్తమా?"

"మీరు చెప్పరు. వ్యాపారి మీకు ఏం చెప్పిండో ఎవరికి తెలుసు?"

మా దగ్గర ఇంకా కొన్ని రాళ్ళు మిగిలాయి. మా అత్తమ్మ వాటిలో మంచివి ఏరి, వెండి పళ్ళెంలో పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి పంపింది. టీచరమ్మ వాటిని పగలగొట్టింది. సీసపు రాయిలో అక్కడక్కడ ఇంకో రాయి గింజలు ఉంటాయి, జింకువి. ఆమె వెతికేది ఆ గింజలనే. వేడెక్కువ ఉన్న నీళ్ళలో పుడితే ఆ గింజల్లో ఇనుము ఎక్కువ కలిసి నల్లబడతాయట. చల్లారిన నీళ్ళలో పుడితే ఇనుము తగ్గి తేనెరంగులో ఉంటాయట. సర్కారు కొండ గింజలు ఆమె చేతులకు పాత పరిచయం. వాటి పైపొర నలుపు.

మా రాళ్ళలో గింజలన్నీ నల్లగా ఉన్నాయి.

సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చుట్టూ తిప్పి చెప్పే అలవాటు ఆమెకు లేదు. "గింజలు నల్లగున్నయి. ఆ కొండవే అయ్యుండొచ్చు. కావని నేను రాసియ్య," అంది.

 నాకు ఒళ్ళంతా మంట లేచింది. "మా అత్తమ్మకు నీ చేత్తోని మజ్జిగ పోసినవు గదమ్మా," అన్నాను.

"మజ్జిగకూ గింజకూ సంబంధం లేదు పిల్లా."

ఆమె వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో చేతిలోని ముక్క ముక్కు దగ్గరికి వెళ్ళింది, అలవాటు కొద్దీ. అక్కడే ఆగిపోయింది.

"అక్కా, దీనికి పన్నీటి వాసన ఎందుకొస్తుంది?"

"ఎందుకు రాదు? శుద్ధి చేసిన రాళ్ళు గదా. పెద్దమనిషి చేతికి మురికి రాయి పంపుతమా? మాకు మర్యాద తెల్వదా?"

"కాల్చినవా?"

"కాల్చిన. కరక్కాయల ముంచిన. పొద్దుగాల మళ్ళొకసారి ముంచి పంపిన, నీ కోసమని."

టీచరమ్మ అక్కడే గడప మీద కూలబడి నుదురు కొట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "కరక్కాయ రసం, గింజల ఇనుము కలిస్తె ఏమైతది? సిరా అయితది గదనే అక్కా. నువ్వు రాళ్ళకు సిరా పోసి పంపినవు. లోపలి పగుళ్ళదాంక నల్లగైనయి. పచ్చి రాయి లేదా ఇంట్ల?"

లేదు. పచ్చి రాళ్ళన్నీ సంచిలో ఠాణాలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆమె సుత్తి ఉన్న గుడ్డసంచి భుజానికి తగిలించుకుని మమ్మల్ని ఠాణాకు రమ్మంది. మా అత్తమ్మ దారి పొడవునా ఇన్‌స్పెక్టరును ఎలా వేడుకోవాలో చెబుతూనే ఉంది. "బతిమాలకు," అంది టీచరమ్మ. "బతిమాలితె తప్పు చేసినట్లయితది. అడుగు." గల్లీ మలుపులో నేను వెనక్కి చూశాను. ఆమె వాకిట్లో కాగు మూత మీద కాకి వాలి ఉంది. మూత మీద రాయి లేదు.

ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి వచ్చినతను. ఆ రోజుల్లో అటు నుంచి చాలామంది వచ్చారు. నెమ్మదస్తుడు, మాట మెత్తన. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సంచిలోని రాళ్ళు పగలగొట్టి చూడాలె."

"అవి సాక్ష్యమండీ. సాక్ష్యాన్ని పగలగొడతారా?"

"పగలకపోతె సాక్ష్యమెట్లయితది? ఇప్పుడవి వట్టి రాళ్ళు."

 అతను సంచి తెప్పించాడు. ఆమె నేల మీద కూర్చుని మొదటి రాయి పగలగొట్టింది. అతని బల్ల మీది కప్పు వైపు చూసి, "తాగుడైందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తీసుకుని బోర్లించింది. గింజ గీసింది. గీత పడీ పడనట్టు తెల్లగా ఉంది. గింజను వెలుగుకు పట్టింది. తేనెరంగు. రెండో రాయీ అంతే. ఆ తర్వాతిదీ అంతే.

"వీళ్ళ రాయి సల్లారిన నీళ్ళల్ల పుట్టింది. గోదాం రాయి గింజల పైపొర నలుపు, గీస్తె మట్టిరంగు గీత. ఇది ఆ కొండ కాదు."

"ఒకే కొండలో రెండు రకాలూ ఉండకూడదా?" అన్నాడతను. అతను తెలివితక్కువవాడు కాదు.

"ఉండొచ్చు," అందామె వెంటనే. "అందుకే సంచంత చూడాలె."

నేను పక్కకు వంగి, "చాలు గదమ్మా. ఇన్ని చూపించినవు, ఇంక ఆపు," అన్నాను.

"సంచి అయిపోలే."

కొడుతూనే పోయింది. మా అత్తమ్మ బురఖా లోపల దువా చదువుకుంటోంది. ప్రతి దెబ్బకూ నేను కళ్ళు మూసుకునేదాన్ని. సంచి అడుగు కనిపిస్తుండగా ఒక రాయి రెండుగా విడింది. ఆమె చెయ్యి ఆగింది. దాని మధ్యలో పెద్ద గింజ ఒకటి ఉంది, శనగగింజ అంతది. అందులో నలుపు ఉంది.

ఇన్‌స్పెక్టరు అప్పుడు ఏదో కాగితం చూసుకుంటున్నాడు. అతను చూడలేదు. ఆ ముక్క సంచి వెనక్కి తోసేస్తే చూసేవాడే కాదు. నేను ఆమె ముఖంలోకి చూశాను. నా చూపు ఆమెకు అర్థమైంది.

"సార్," అంది ఆమె. "ఇట్ల చూడండ్రి. దీంట్ల నలుపుంది."

అతను లేచి వచ్చాడు. "అయితే మీరే చెప్పినట్టు..."

"నేను చెప్పుడు అయిపోలే. మీ ఇంట్ల నీళ్ళ కాగు ఎప్పుడన్న గోకిన్రా?"

"మాది గోదావరి నీళ్ళండీ. పెచ్చు కట్టదు."

"అందుకే మీకు చెప్పాల్సొస్తుంది." గింజను అతని అరచేతిలో పెట్టింది. "నడుమ నలుపు. చుట్టూ తేనెరంగు. నడుమది ముందు పుట్టింది, చుట్టూది తర్వాత. అంటె ఈ నీళ్ళు వేడిగ మొదలై సల్లారినయి. కాలంతోని సల్లారుడు పొయ్యి మీది నీళ్ళకు సుత తెలిసిన పనే. గోదాం రాయి గట్ల కాదు. అక్కడ ముందు సల్లటి నీళ్ళొచ్చినయి, ఆఖరుకు కాగే నీళ్ళొచ్చినయి. లోపల తేనె, బయట నలుపు. తిరగేసినట్లుంటది. ఆ కొండవి గంపలకొద్ది పగలగొట్టిన. ఒక్కటి సుత ఇట్ల లేదు."

"గోదాంలో ఒక్క రాయి మిగల్లేదు. మీ మాట తప్ప నాకేమిటండీ ఆధారం?"

  ఆమె గుడ్డసంచిలో చెయ్యి పెట్టి కాగు మూత మీది రాయి బయటికి తీసింది. బల్ల మీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. విరిగిన ముఖంలో గింజలు మెరిశాయి. లోపల తేనె, చుట్టూ నల్లటి అంచు. నాలాంటి చదువులేనిదానికి కూడా కనిపించింది.

అతను గింజలను కాదు, రాయి పక్కనున్న తెల్లరంగు గుర్తును చూశాడు.

"ఇది సర్కారు గుర్తు."

"అవును. అందుకే తెచ్చిన."

"మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"ఇంక రావద్దన్ననాడు సంచిల ఏసుకొని వచ్చిన. ఎవరిని అడగలే. రాసుకోండ్రి."

"అమ్మా," అన్నాడతను గొంతు తగ్గించి. "దొంగిలించారని మీ నోటితో మీరే చెబుతున్నారు. మీ మాట నమ్మి ఇతన్ని వదలాలంటే, మీరు దొంగ అని కూడా నమ్మాలి."

"రెండూ నమ్మండ్రి."

ఆమె చెప్పిందంతా అతను రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. లేచేటప్పుడు అతని కప్పును చీర కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. గీత పోలేదు.

ఆ వారంలోనే మా ఆయన ఇంటికి వచ్చాడు. సంచి రాలేదు, ఆమె రాయీ రాలేదు. ఆమె మీద కేసు పెట్టలేదు గానీ బడివాళ్ళకు కాగితం వెళ్ళింది. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. పొరపాటున తెచ్చానని ఒక్క ముక్క రాసిస్తే ఉద్యోగం ఉంటుందన్నారు. ఆ సంగతి ఆమె మా వాకిట్లో నిలబడి చెప్పింది.

"రాసియ్యి చెల్లె," అంది మా అత్తమ్మ. "ఒక్క మాటనే గదా."

"పొరపాటున తేలే అక్కా. కావాలనే తెచ్చిన. వాళ్ళు నన్ను పొమ్మన్నరు గని ఆ రాయి ఏం పాపం చేసిందని ఆడ్నే ఉండాలె?"

ఉద్యోగం పోయింది. ఇంటి దగ్గర పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికింది. కాగు మూత మీదికి ఒక ఇటుక వచ్చింది. మా ఆయన పండుగ పూట సేమ్యా పాయసం తీసుకెళ్ళి ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడితే, గిన్నె అందుకుని, "నువ్వు దొంగవు కావని రాసిచ్చిన. నీ సుర్మా మంచిదని రాసియ్యలే. అది విషమే," అంది. వాకిలి ఇవతల మా అత్తమ్మకు వినబడింది. "విన్నవా టీచరమ్మ మాటలు," అని నాతో అంది. పిలుపు మారిందంటే ఆ రోజు ఎవరు గెలిచారో మీకు తెలుసు.

కొన్నాళ్ళకు నాకు బిడ్డ పుట్టింది. ఆనవాయితీ ప్రకారం మా అత్తమ్మ వెండి పుల్ల సుర్మాలో అద్ది పసిదాని పక్కన కూర్చుంది. ఎదుటి వాకిట్లో టీచరమ్మ ఇటుక తీసి, మూత తీసి, నీళ్ళు ముంచుకుని, మళ్ళీ మూత పెట్టి, ఇటుక పెట్టింది. మా అత్తమ్మ అది చూస్తూ ఉండిపోయింది. "జెర పెద్దగైనంక పెడదాం తియ్యి," అని పుల్ల తుడిచేసింది. ఆ జెర ఎప్పటికీ రాలేదు. ఓడిపోయానని మాత్రం ఆమె చచ్చేదాకా ఒప్పుకోలేదు. మా ఇంట్లో సుర్మా నూరుతూనే ఉన్నాం, అమ్ముతూనే ఉన్నాం. రోటి దగ్గర నా చెయ్యి మునుపటిలా ఆడేది కాదు, అంతే.

చాలా ఏళ్ళ తర్వాత, ఆమె చూపు మందగించి, రాళ్ళ రంగులు నన్ను అడిగి తెలుసుకునే రోజుల్లో, ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న మాట అడిగాను.

"అమ్మా, ఆనాడు ఆ గింజ తిరగేసి ఉంటే? లోపల తేనె, బయట నలుపు ఉంటే ఏం చెబుదువు?"

"అదే చెబుదును."

"మా ఆయన తిరిగి రాకపోయేటోడు."

"రాకపోయేటోడు."

"అట్లయితె బతికున్నన్ని దినాలు నీ మొఖం చూడకపోదును."

"చూడకపోదువు," అంది. కోపం లేదు, బాధ లేదు. చాయ్ సాసరులోకి వంచుకుంది. "కప్పు ఇటియ్యి. ఇది ఏం రంగు గీస్తదో చూసి చెప్పు. ఉన్నది చెప్పు, నన్ను చూసి చెప్పకు."

ఆమెకు పిచ్చి అన్నవాళ్ళలో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళ మనవలు ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఇంటి మనిషిని కాపాడటానికి అబద్ధం చెప్పేవాళ్ళు గల్లీకి పదిమంది దొరుకుతారు. మా ఆయనకు వాళ్ళెవరూ పనికిరాలేదు.

గీజరు మనిషి కొత్త చుట్ట బిగించి వెళ్ళిపోయాడు. నా బిడ్డ చీపురు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "అమ్మా, ఇప్పుడన్న ఊడ్వనిస్తవా?"

నేను పెంకును ఆమె చేతిలో పెట్టాను. "ఇట్ల కాదు, నిలువుగ పట్టు. ముందు ఈ ఎర్ర గీత ఎప్పటిదో చెప్పు. తర్వాత ఊడ్వు."

అది విసుగ్గా కిటికీ దగ్గరికి వెళ్ళింది. సుర్మా ఎరగని ఆ కళ్ళ దగ్గరికి పెంకును తెచ్చుకుని చూసింది. చీపురు గోడకు ఆనించింది.

"మొన్న వానలప్పుడు బోరుల బురద వచ్చింది గదా అమ్మా. అప్పటిదా?"